విషకన్య నుంచి వధువు దాకా: ‘హిమబిందు’ నవలలో గూఢచర్యం, ముక్కోణ ప్రేమ, దేశ వర్ణన

వ్యాససంగ్రహం

అడవి బాపిరాజు ‘హిమబిందు’ను చారిత్రక నవలగా, శృంగార నవలగా, శిల్పకళా వైభవాన్ని చిత్రించిన నవలగా విమర్శకులు పరిగణించారు. అందులోని గూఢచర్య కథనం మాత్రం తగినంత పరిశీలనకు రాలేదు. రాజకుమారుని చంపడానికి విషకన్యను ప్రయోగించడం ఈ నవలలో ప్రధాన కుట్ర. ఈ కుట్రకూ, హిమబిందు చుట్టూ అల్లుకున్న ముక్కోణ ప్రేమకూ, ధాన్యకటక వర్ణనకూ గల సంబంధాన్ని అర్థశాస్త్ర, ముద్రారాక్షస సంప్రదాయాల వెలుగులోనూ, శాతవాహనుల శాసన, నాణేల ఆధారాల వెలుగులోనూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రాచీన సంప్రదాయంలో కేవలం ఆయుధంగా ఉన్న విషకన్యకు బాపిరాజు మనసునిచ్చాడనీ, నవలలోని దేశ వర్ణనను శ్రీముఖుని కాలానికి సాక్ష్యంగా కాక 20వ శతాబ్దపు ఆంధ్ర చిత్రకారుని దర్శనంగా చదవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అడవి బాపిరాజు, హిమబిందు, విషకన్య, గూఢచర్యం, శాతవాహనులు, ధాన్యకటకం, అమరావతి శిల్పం, చారిత్రక నవల.

1. ప్రవేశిక

గూఢచారి కథ అనగానే తెలుగు పాఠకునికి కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, 1966లో కృష్ణ కథానాయకుడుగా వచ్చిన ‘గూఢచారి 116’ చలనచిత్రం గుర్తుకు వస్తాయి. వీటిలో యుగంధర్ అపరాధ పరిశోధకుడు, మిగిలిన ఇద్దరు దేశరక్షణకు పనిచేసే గూఢచారులు. అయినా జనాదరణలో ఈ రెండు శాఖలూ కలిసే సాగాయి. ఈ కథల్లో పరిశోధకుడో గూఢచారో నాయకుడు, శత్రువు అతని ఎదుట ఉంటాడు. స్త్రీ తరచుగా ఎరగానో బహుమానంగానో కనిపిస్తుంది. దూరదేశాల వర్ణన కథకు అలంకారంగా నిలుస్తుంది.

కుట్ర, ముక్కోణ ప్రేమ, కళ్ళకు కట్టే దేశ వర్ణన అనే మూడు అంశాలూ ఈ జనప్రియ శాఖ విస్తరించక ముందే ఒక తెలుగు నవలలో కలిశాయి. అక్కడ స్త్రీ ఎర కాదు. ఆమె తానే ప్రయోగింపబడిన ఆయుధం, ఆ ఆయుధమే ప్రేమలో పడుతుంది. ఆ నవల ‘హిమబిందు’. శాతవాహన యుగానికి సాంఘిక చిత్రంగా దీన్ని ఉదహరించేటప్పుడు అందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్న ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నకు జవాబు వెదకడానికి కుట్ర కథనమే మంచి ద్వారం.

2. నవలాకారుడు, కథ

అడవి బాపిరాజు (1895–1952) కవి, నవలాకారుడు, చిత్రకారుడు. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహం, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ శిక్షణ ఆయన చిత్రకళకు పునాదులు. ఆయన నవల ‘నారాయణరావు’ 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’తో పంచుకుంది. 1930లలో చలనచిత్రాలకు కళాదర్శకత్వం వహించాడు. 1940లలో హైదరాబాదు నుంచి వెలువడిన ‘మీజాన్’ దినపత్రికకు సంపాదకుడుగా పనిచేశాడు. చారిత్రక నవలల్లో ‘హిమబిందు’ శాతవాహనులను, ‘అడవి శాంతిశ్రీ’ ఇక్ష్వాకులను, ‘అంశుమతి’ తూర్పు చాళుక్యులను, ‘గోన గన్నారెడ్డి’ కాకతీయులను తీసుకున్నాయి. ఆంధ్ర చరిత్రలోని ముఖ్య ఘట్టాలను నవలగా చెప్పాలన్న సంకల్పం ఈ వరుసలో స్పష్టం.

‘హిమబిందు’ కథ శ్రీముఖ శాతవాహనుని కాలంలో ధాన్యకటకం కేంద్రంగా నడుస్తుంది. వర్తక శ్రేష్ఠి చారుగుప్తుని కుమార్తె హిమబిందు. ఆమెను సామ్రాజ్ఞిగా చూడాలని తండ్రి కోరిక. యువరాజు శ్రీకృష్ణ శాతవాహనునితో ఆమె వివాహం జరగాలని పెద్దలు భావిస్తారు. ఆమె మనసు మాత్రం శిల్పి ధర్మనంది కుమారుడు సువర్ణశ్రీ మీద నిలుస్తుంది. ఇంకొకవైపు బౌద్ధ వ్యాప్తిని సహించలేని స్థౌలతిష్యుడు తన చేతుల్లో పెరిగిన బాలికను విషకన్యగా తీర్చి యువరాజు మీదికి ప్రయోగించడానికి సిద్ధం చేస్తాడు. ఆ విషబాల యువరాజును ప్రేమిస్తుంది. చివరకు ఆమె దేహంలోని విషం తొలగి యువరాజుకు వధువవుతుంది. హిమబిందు సువర్ణశ్రీని చేరుతుంది.

3. కుట్ర కథనం: అర్థశాస్త్ర నేపథ్యం

బాపిరాజు తరం రచయితలకు ప్రాచీన భారత గూఢచర్యం ఒక కొత్త జ్ఞానంగా అందింది. కౌటిల్యుని అర్థశాస్త్ర తాళపత్ర ప్రతిని మైసూరులో ఆర్. శామశాస్త్రి 1905లో గుర్తించి, 1909లో మూలాన్నీ 1915లో ఆంగ్లానువాదాన్నీ ప్రకటించాడు. ఆ గ్రంథం మొదటి అధికరణం చారులను రెండు వర్గాలుగా విభజిస్తుంది. ఒకచోట స్థిరంగా ఉండి పనిచేసేవారు సంస్థలు: కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు. తిరుగుతూ పనిచేసేవారు సంచారులు: సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి. వైదేహకుడు వర్తకుని వేషంలో ఉండే చారుడు, తాపసుడు మునివేషంలో ఉండేవాడు, రసదుడు విషం పెట్టేవాడు.

ఈ పట్టికను పక్కన పెట్టుకుని ‘హిమబిందు’ను చదివితే ఒక విశేషం బయటపడుతుంది. నవలలోని ప్రధాన పాత్రలు ఈ చారవర్గాల నీడల్లా కనిపిస్తాయి. స్థౌలతిష్యుడు తపస్వి, విషబాల రసదుని పనికి నియుక్తురాలు, చారుగుప్తుడు దేశదేశాలతో సంబంధాలున్న వర్తకుడు. కాని అర్థశాస్త్రంలో వీరు రాజు చేతిలో పనిముట్లు, వేషధారులు. నవలలో వీరి వేషమే వీరి నిజం. స్థౌలతిష్యుడు మునివేషం వేసుకున్న చారుడు కాడు, నిజమైన తపస్వి. తన నమ్మకం కోసం రాజద్రోహానికి దిగినవాడు. చారుగుప్తునిది రాజ్య ప్రయోజనం కాదు, తండ్రి ఆశ. కౌటిల్యుని ప్రపంచంలో గూఢచర్యం రాజ్యానికి కన్నువంటిది. బాపిరాజు ప్రపంచంలో రాజ్యం కళ్ళుగప్పి మతావేశం నడిపే రహస్య కృత్యమది. గూఢచర్యాన్ని రాజనీతి నుంచి మనస్తత్త్వానికి మార్చడం నవలాకారుడు చేసిన మొదటి మార్పు.

4. విషకన్య: ఆయుధం నుంచి మనిషి

విషకన్య భావన ప్రాచీనం. సుశ్రుతసంహిత కల్పస్థానం రాజులకు శత్రువుల వల్ల కలిగే విష ప్రమాదాలను చెబుతూ విషకన్యా ప్రయోగాన్ని కూడా పేర్కొంటుంది. సాహిత్యంలో దీనికి ప్రసిద్ధ స్థానం విశాఖదత్తుని ‘ముద్రారాక్షసం’. చంద్రగుప్తుని చంపడానికి రాక్షసామాత్యుడు పంపిన విషకన్యను చాణక్యుడు పర్వతకుని మీదికి మళ్ళిస్తాడు. ఒక్క యుక్తితో శత్రువు పన్నాగం వమ్మవుతుంది, రాజ్యంలో సగం అడగగల మిత్రుడూ తొలగిపోతాడు.

ఆ నాటకంలో విషకన్య రంగస్థలం మీదికి రాదు. ఆమెకు పేరు లేదు, మాట లేదు. ఆమె చేసిన హత్య ఇతర పాత్రల సంభాషణలో ఒక సమాచారం మాత్రమే. నాటకం మొత్తంలో చెప్పుకోదగ్గ స్త్రీ పాత్ర ఒకే ఒకటి, చివరి అంకంలో వచ్చే చందనదాసుని భార్య. సంస్కృత నాటకాల్లో శృంగారం దాదాపు లేని అరుదైన రచన ఇది. అంటే గూఢచర్య కథకు భారతీయ సాహిత్యంలో ఉన్న గొప్ప నమూనాలో ప్రేమకు చోటు లేదు.

బాపిరాజు ఆ ఖాళీలోనే తన కథను నాటాడు. ముద్రారాక్షసం చెప్పకుండా వదిలిన ప్రశ్నలు ఆయనవి. ఆ కన్య ఎవరి బిడ్డ? తన స్పర్శ ప్రాణాంతకమని తెలిసిన యౌవనవతి ఏమి అనుభవిస్తుంది? చంపవలసిన వానిని ప్రేమిస్తే ఆమె ఎటు పోతుంది? ఈ ప్రశ్నలు వేయగానే కుట్ర స్వరూపం మారిపోతుంది. ఆయుధానికి మనసుంటే ప్రయోగించినవాని లెక్క తప్పుతుంది. స్థౌలతిష్యుని ఓటమి చారుల చాకచక్యం వల్ల జరిగింది కాదు. తాను పెంచిన బాలిక మనిషేనన్న సంగతిని అతడు లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల జరిగింది.

ఈ మార్పు విలువ ప్రపంచ సాహిత్యంతో పోల్చితే ఇంకా స్పష్టమవుతుంది. భారతదేశపు రాజు అలెగ్జాండరుకు ఒక విషకన్యను కానుకగా పంపగా అరిస్టాటిల్ గుర్తించి కాపాడాడన్న గాథ మధ్యయుగపు ఐరోపాలో విస్తారంగా ప్రచారం పొందింది. అమెరికన్ రచయిత నథానియల్ హాథార్న్ 1844లో ప్రచురించిన ‘రపాచినీస్ డాటర్’ కథలో ఈ గాథ ప్రస్తావన ఉంది. ఆ కథలో తండ్రి తన కుమార్తె బియాట్రిస్‌ను విషపు మొక్కల మధ్య పెంచుతాడు. ఆమె కూడా ప్రేమిస్తుంది. కాని ప్రియుడు ఇచ్చిన విరుగుడే ఆమె ప్రాణం తీస్తుంది, ఎందుకంటే విషమే ఆమె జీవంగా మారిపోయింది. హాథార్న్ కథలో స్వస్థతే మరణం. ‘హిమబిందు’లో విరుగుడు ఫలిస్తుంది, ఆమె బతుకుతుంది, రాజకులంలో అడుగుపెడుతుంది. బాపిరాజుకు హాథార్న్ కథతో పరిచయం ఉన్నా లేకున్నా, ఒకే సమస్యకు రెండు సంస్కృతులు ఇచ్చిన రెండు పరిష్కారాలివి. మనిషిలోకి ఎక్కించిన ద్వేషం ఆమె స్వభావమైపోతుందా, లేక కరుణతో కడిగివేయగలిగినదా అన్నది ఆ సమస్య. తెలుగు నవల రెండవ సమాధానాన్ని ఎంచుకుంది.

5. ముక్కోణం విడిపోయే తీరు

శ్రీకృష్ణుడు, హిమబిందు, సువర్ణశ్రీ అనే ముక్కోణం పైకి సాధారణ ప్రేమకథే. రాజకుమారుడు ఒకవైపు, శిల్పి కుమారుడు మరొకవైపు, మధ్య సంపన్న వర్తకుని కుమార్తె. ఇటువంటి ముక్కోణాలను కథకులు మామూలుగా ఒకరి మరణంతోనో త్యాగంతోనో ముగిస్తారు. ‘హిమబిందు’లో నాలుగవ పాత్రగా విషబాల ప్రవేశించడంతో ముక్కోణం రెండు జంటలుగా విడిపోతుంది. రాజకుమారుని చంపడానికి వచ్చిన ఆమే సువర్ణశ్రీ, హిమబిందుల ప్రేమకు దారి ఇస్తుంది. కుట్ర లేకపోతే ప్రేమకథకు సుఖాంతం లేదు, ప్రేమ లేకపోతే కుట్రకు ఓటమి లేదు. గూఢచర్య కథ, ప్రేమకథ ఒకదానికొకటి పరిష్కారంగా నిలవడం ఈ నవల నిర్మాణంలోని బలం.

ఇందులో ఒక సామాజిక భావం కూడా ఉంది. వర్తకుని ధనం, రాజకుల వైభవం నిర్ణయించిన వివాహం జరగదు. శ్రేష్ఠి కుమార్తె కళాకారుని ఇంటికి వెడుతుంది. శత్రువు పంపిన కన్య రాజకులంలోకి వస్తుంది. అమరావతి స్తూపానికి దానాలిచ్చినవారి శాసనాల్లో గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, సామాన్య స్త్రీలు కనిపిస్తారు. విధికుడనే చర్మకారుని పేరు కూడా ఉంది. వర్తకులూ కులవృత్తుల వారూ ప్రముఖంగా కనిపించే ఆ సమాజం, శిల్పినీ శ్రేష్ఠి కుమార్తెనూ ఒకే కథలో కలిపిన బాపిరాజు ఊహకు దూరమైనది కాదు. అయితే దానశాసనాలు ఇచ్చేవి పేర్లు, వృత్తులు, బంధుత్వాలు మాత్రమే. వర్ణాంతర ప్రేమను ఆ సమాజం ఎలా చూసిందో అవి చెప్పవు. ఆ అంశంలో మాట్లాడుతున్నది నవలాకారుని సంస్కరణ దృష్టి.

6. దేశ వర్ణన: శిల్పం ఇచ్చిన సాక్ష్యం

‘హిమబిందు’లో దేశం కథకు నేపథ్యంగా మాత్రమే మిగలదు. కృష్ణాతీరం, ధాన్యకటక వీధులు, మహాచైత్యం, పండుగలు, శిల్పి కుమారుడు రాజకుమారునితో పోటీపడే శకట పరీక్ష, స్త్రీల ఆభరణాలు, కేశాలంకారాలు, సంగీత నృత్యాలు చిత్రఫలకాల్లా సాగుతాయి. ఈ వర్ణనల మూలం గ్రంథాల కంటె ఎక్కువగా శిల్పంలో ఉంది.

అమరావతి స్తూపాన్ని కాలిన్ మెకంజీ 1797లో చూశాడు, తరువాత 1816లో వివరంగా సర్వే చేయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వకాలు జరిపాడు. అక్కడి పాలరాతి వంటి సున్నపురాతి ఫలకాలు అధికభాగం మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి. జాతక కథలు, రాజాస్థానాలు, ఊరేగింపులు, ఎద్దులు, ఏనుగులు, నాట్యబృందాలు, సన్నని నడుముల స్త్రీమూర్తులు ఆ ఫలకాల నిండా ఉన్నాయి. చిత్రకారుడైన బాపిరాజు శాతవాహనాంధ్రను ఆ రేఖల ద్వారా చూశాడు. నవలలో కథానాయకుల్లో ఒకడు శిల్పి కావడం యాదృచ్ఛికం కాదు. శిల్పం నవలాకారునికి ఆధారం, నవలలో ఇతివృత్తం కూడా.

చరిత్ర విద్యార్థి జాగ్రత్త పడవలసిన చోటు ఇదే. స్తూపానికి ఆరంభం క్రీస్తు పూర్వపు శతాబ్దాల్లో జరిగినా, మన కళ్ళముందున్న అలంకృత శిల్పసంపదలో అధికభాగం క్రీ.శ. 1–3 శతాబ్దాలది. శ్రీముఖుని కాలం ఎప్పుడన్న విషయంలో పండితులు క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి 1వ శతాబ్దం దాకా భిన్నాభిప్రాయాలు చెప్పారు. ఏ అభిప్రాయాన్ని తీసుకున్నా, నవల చూపే కళావైభవం శ్రీముఖుని ధాన్యకటకానిది కాదు. తరువాతి కాలపు అమరావతిని వెనక్కి తీసుకుపోయి తొలి శాతవాహనుల కాలానికి అమర్చిన చిత్రమది.

7. చరిత్ర, కల్పన: మూడు పరీక్షలు

నవలలోని మూడు అంశాలను శాసన, నాణేల ఆధారాలతో పోల్చి చూడవచ్చు.

మొదటిది రాజధాని. తొలి శాతవాహనుల శాసనాలు పశ్చిమ దక్కనులో లభించాయి. నానేఘాట్ కనుమలో శ్రీముఖుని పేరు, రాణి నాగనిక పేరు ఉన్న ప్రతిమా శాసనాలు ఉన్నాయి. నాసిక్ గుహలో కృష్ణుని కాలపు శాసనం ఉంది. అమరావతిలో శాతవాహన రాజు పేరు చెప్పే శాసనం వాసిష్ఠీపుత్ర పులుమావి కాలానిది, అంటే క్రీ.శ. 2వ శతాబ్దానిది. ఈ కారణాల వల్ల 1918–19లో వి.ఎస్. సుఖ్తంకర్ శాతవాహనుల జన్మస్థానం ఆంధ్రదేశం కాదని వాదించాడు. విన్సెంట్ స్మిత్ వంటి చరిత్రకారులు, తెలుగులో చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం (1910) ఆంధ్ర మూలాన్ని సమర్థించారు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి, 1913లో బాపట్లలో జరిగిన ఆంధ్ర మహాసభ ఈ చర్చకు సాంస్కృతిక వాతావరణం కల్పించాయి. శ్రీముఖుని ధాన్యకటకంలో కూర్చోబెట్టడం ద్వారా బాపిరాజు ఈ వివాదంలో ఒక పక్షం వహించాడు. ఆయన మరణం తరువాత, ఉత్తర తెలంగాణలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో ‘చిముక’ పేరున్న నాణేలు లభించి, తొలి శాతవాహనులకు తెలుగు నేలతో గల సంబంధాన్ని కొత్తగా చర్చకు తెచ్చాయి. ఆ సాక్ష్యం చూపే దిక్కు కృష్ణాతీరం కాదు, గోదావరీతీరం.

రెండవది వంశక్రమం. పురాణాల రాజవంశావళిలో కృష్ణుడు శ్రీముఖుని సోదరుడు, అతని తరువాత రాజ్యానికి వచ్చినవాడు. నవలలో శ్రీకృష్ణ శాతవాహనుడు ప్రణయకథకు తగిన యువరాజు. చారిత్రక నామాన్ని నిలిపి బంధుత్వాన్నీ వయసునూ కథకు అనుగుణంగా మార్చడం చారిత్రక నవలలకు అలవాటైన స్వేచ్ఛే. అయినా చరిత్ర పాఠంలో దాన్ని గుర్తించి చెప్పాలి.

మూడవది మతవైరం. కుట్ర మొత్తం వైదిక, బౌద్ధ సంఘర్షణ మీద నిలిచింది. శాసనాలు చెప్పే కథ వేరు. నానేఘాట్ శాసనం అశ్వమేధాది వైదిక యాగాలనూ దక్షిణలనూ పేర్కొంటుంది. కృష్ణుని కాలపు నాసిక్ శాసనం శ్రమణుల వ్యవహారాలు చూసే మహామాత్రుడు గుహను తొలిపించిన సంగతి చెబుతుంది. తరువాతి శాతవాహన రాజులు, రాజమాతలు బౌద్ధ సంఘాలకు గుహలను, గ్రామాలను ఇచ్చారు. యాగాలు చేసే రాజకులమే శ్రమణుల కోసం అధికారిని నియమించింది. ఈ ఆధారాల్లో కనిపించేది సహజీవనం. తెరవెనుక ఘర్షణలు ఉండి ఉండవచ్చు, కాని విషకన్యను ప్రయోగించే స్థాయి వైరానికి శాసనాధారం లేదు. స్థౌలతిష్యుని ద్వేషం చారిత్రక సత్యం కంటె నవలాకారుని కాలపు ఆవేదనకు దగ్గర. మతావేశం రాజకీయ హింసగా మారడాన్ని 20వ శతాబ్దపు పూర్వార్ధం కళ్ళారా చూసింది. ఆ విషానికి విరుగుడు సాధ్యమేనన్న నమ్మకం నవల ముగింపులో వినిపిస్తుంది.

8. ముగింపు

‘హిమబిందు’ను రెండు పొరలుగా చదవడం అవసరం. మొదటి పొర శాతవాహన కథ. అక్కడ రాజధాని, వంశక్రమం, మతవైరం అనే మూడు ముఖ్యాంశాల్లోనూ నవల ఆధారాలకు దూరంగా వెళ్ళింది. అందువల్ల దాన్ని శ్రీముఖుని కాలపు సాంఘిక చరిత్రకు ఆకరంగా ఉదహరించడం సరికాదు. రెండవ పొర 20వ శతాబ్దపు ఆంధ్రుల ఆత్మదర్శనం. అమరావతి శిల్పాన్ని తమ పూర్వచరిత్రగా గుర్తించిన తరం, ఆ రాళ్ళలోని మనుషులకు ప్రేమనూ భయాన్నీ మాటనూ ఇచ్చిన తీరుకు ఈ నవల మొదటి శ్రేణి ఆకరం.

గూఢచర్య కథగా దీని స్థానం విశిష్టం. తరువాత వచ్చిన జనప్రియ గూఢచారి కథల్లో శత్రువు పంపిన స్త్రీ చనిపోతుంది లేదా పక్షం మారుస్తుంది. ఆమెను ఆయుధంగా మలిచిన పెంపకం మీదికి కథ దృష్టి అరుదుగా మళ్ళుతుంది. బాపిరాజు దృష్టి మొదట అక్కడికే వెళ్ళింది. కృష్ణానగర్ వంటి హైదరాబాదు పేటల్లో నివసించే వేలాది కళాకారుల, కార్మికుల శ్రమతో నడిచే తెలుగు చలనచిత్ర పరిశ్రమ 2017లో ‘గౌతమీపుత్ర శాతకర్ణి’తో శాతవాహన యుగాన్ని తెరమీదికి తెచ్చింది. అక్కడ ప్రధానమైనది విజేత కత్తి. అదే యుగాన్ని తీసుకుని విజేత కంటె ఒక విషకన్య విముక్తికి పెద్దపీట వేసిన నవల తెలుగులో ఉందన్న సంగతి సాహిత్య చరిత్రలో నమోదు కావలసి ఉంది. ‘అడవి శాంతిశ్రీ’, ‘అంశుమతి’, ‘గోన గన్నారెడ్డి’ నవలల్లోని కుట్ర కథనాలను కూడా ఈ పద్ధతిలో శాసనాధారాలతో పోల్చి పరిశీలిస్తే బాపిరాజు చరిత్ర దృష్టి సమగ్రంగా తెలుస్తుంది.